ముడి డేటా చూడని సలహా మండలి ఎందుకు?

మన విశ్వవిద్యాలయాల్లో ఒక అభిప్రాయం చాలాకాలంగా చెలామణీలో ఉంది. పరిశోధకులను వాళ్ల మానాన వాళ్లను వదిలేయాలట. సైన్స్ తన తప్పులను తానే దిద్దుకుంటుందట. సలహా మండలి అంటే ఏడాదికోసారి పెద్దలు వచ్చి కూర్చుని, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లడానికేనట. రెండు మూడు విశ్వవిద్యాలయాలు, ఒక ఆసుపత్రి, ఒక ప్రభుత్వ ప్రయోగశాల కలిసి నడిపే బయోఇన్ఫర్మాటిక్స్ కార్యక్రమాల దగ్గరికి వచ్చేసరికి ఈ వాదన మరింత గట్టిపడుతుంది. ఇంతమంది నిపుణులు ఒకరి పని ఒకరు చూసుకుంటుంటే పైన ఇంకో కావలి దేనికి అంటారు. ఇలా అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎక్కువమంది ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు, ఫైళ్ల జాప్యంతో విసిగిపోయినవాళ్లు. అయినా వాళ్లు చెప్పేది తప్పు. ఈ తప్పు భారం రోగుల మీద పడింది కాబట్టి మొహమాటం లేకుండా చెప్పాలి.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో చూద్దాం. 2006 నవంబరులో అనిల్ పొట్టి, జోసెఫ్ నెవిన్స్ బృందం ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. కణితిలో ఏ జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో చిప్ మీద కొలిచి, ఏ రోగికి ఏ కీమో మందు పడుతుందో ముందే చెప్పేయవచ్చన్నది అందులోని సారాంశం. ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నవాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఒక మందు మూడు నాలుగు విడతలు ఎక్కించాక, జుట్టు ఊడి, తిండి సహించక, చివరికి కణితి తగ్గలేదని స్కాన్‌లో తేలిన రోజు ఆ ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఈ వార్తను ఎంత ఆశతో అందుకుని ఉంటారో ఊహించవచ్చు.

హూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం డాక్టర్లు కూడా ఆశపడ్డారు. తమ రోగులకు వాడే ముందు ఆ పద్ధతేమిటో చూసి చెప్పమని తమ సంస్థలోనే పనిచేసే ఇద్దరు జీవగణాంక నిపుణులను, కీత్ బ్యాగర్లీనీ కెవిన్ కూంబ్స్‌నూ అడిగారు. వాళ్లు బయట అందుబాటులో ఉన్న డేటా తీసుకుని లెక్క మొదటినుంచి వేసి చూశారు. డ్యూక్ వాళ్లకు వచ్చిన ఫలితం వీళ్లకు రాలేదు. ఎందుకు రాలేదని తవ్వుకుంటూ పోతే జన్యువుల జాబితా ఒక వరుస కిందికి జరిగిపోయి ఉందని తేలింది. పట్టికకు శీర్షిక ఉందా లేదా అన్నది సరిచూసుకోకపోతే జరిగే పొరపాటు అది.

అడంగల్‌లో పేర్ల వరుస ఒక్క గడి కిందికి జరిగితే ఏమవుతుంది? సర్వే నంబర్లన్నీ ఉంటాయి, పేర్లన్నీ ఉంటాయి, విస్తీర్ణాల మొత్తం కూడా సరిపోతుంది. కాని ప్రతి రైతు పొలమూ పక్కవాడి పేరు మీద ఉంటుంది. పైనుంచి తిరగేసే అధికారికి పుస్తకం శుభ్రంగానే కనిపిస్తుంది. డ్యూక్ పట్టికల్లో జరిగింది అదే. ఇంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. కొన్నిచోట్ల గుర్తులే తారుమారయ్యాయి. మందుకు లొంగే కణాలను లొంగనివిగా, లొంగనివాటిని లొంగేవిగా నమోదు చేశారు. ఆ లెక్కను నమ్మి మందు రాస్తే, పనిచేయని మందే రోగికి దక్కుతుంది. సిస్‌ప్లాటిన్ మందు గురించి ఆ బృందమే వెలువరించిన మరో వ్యాసంలో ప్రత్యేకంగా పేరెత్తి చెప్పిన జన్యు గుర్తుల్లో కొన్ని, ఆ కొలతలకు వాడిన చిప్ మీద లేనే లేవు.

ప్రయోగశాలలో తప్పు జరిగితే కొంతవరకైనా కంటికి కనిపిస్తుంది. ద్రవం రంగు మారదు, జెల్ మీద గీత పడదు, పళ్లెంలో బూజు పడుతుంది. కంప్యూటర్లో అలా కాదు. తప్పుడు పట్టిక ఇచ్చినా, సరైన పట్టిక ఇచ్చినా గ్రాఫ్ ఒకే అందంతో వస్తుంది. పైగా ఉమ్మడి కార్యక్రమంలో నమూనా సేకరించేవాళ్లు ఒకచోట, చిప్ నడిపేవాళ్లు ఇంకోచోట, కోడ్ రాసేవాళ్లు మరోచోట, మందు రాసే డాక్టరు వేరేచోట ఉంటారు. ఎవరి ముక్క వాళ్లకు తెలుసు. మొత్తం తెలిసినవాళ్లు చాలాసార్లు ఎవరూ ఉండరు. ఒకరి పని ఒకరు చూసుకుంటారన్న ధీమా ఇక్కడే వీగిపోతుంది. ఎవరో ఒకరు చూసే ఉంటారులే అని ప్రతివారూ అనుకుంటారు. అందుకే ఏ శాస్త్రానికి లేకపోయినా ఈ శాస్త్రానికి బయటి కన్ను తప్పనిసరి.

సైన్స్ తనను తానే దిద్దుకుంటుందన్న మాటకు డ్యూక్ తేదీలే జవాబు. బ్యాగర్లీ, కూంబ్స్ తమ అభ్యంతరాలను 2007లోనే ‘నేచర్ మెడిసిన్’లో అచ్చేయించారు. అవి చిన్న పొరపాట్లనీ, అసలు ఫలితం చెక్కుచెదరలేదనీ రచయితలు బదులిచ్చారు. అంతటితో ఆ గొడవ సద్దుమణిగింది. ఆ పద్ధతి ఆధారంగా ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ రోగులపై మూడు క్లినికల్ ట్రయల్స్ మొదలయ్యాయి. వందమందికి పైగా రోగులు వాటిలో చేరారు. ఆ ట్రయల్స్ నిర్వహణను విశ్వవిద్యాలయ క్యాన్సర్ కేంద్రంలో ఎప్పటినుంచో ఉన్న తనిఖీ దారిలో కాక, డ్యూక్‌లోనే ఉన్న జన్యు పరిశోధన సంస్థ తనకంటూ పెట్టుకున్న వేరే విభాగానికి అప్పగించారు. హూస్టన్ జంట వందల గంటలు వెచ్చించి ఒక్కొక్క తప్పునూ బయటికి లాగి, 2009లో ఒక గణాంక శాస్త్ర పత్రికలో ప్రచురించింది. ఆ తర్వాత అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ప్రశ్నించాక గాని 2009 అక్టోబరులో ట్రయల్స్ ఆగలేదు.

ఇక్కడినుంచి జరిగింది మన విశ్వవిద్యాలయాల పాలకులందరూ చదవాలి. డ్యూక్ బయటి నిపుణులను ఇద్దరిని పిలిచి సమీక్ష చేయించింది. అంటే మండలి ఉంది, బయటివాళ్లే ఉన్నారు, సమీక్షా జరిగింది. సరిగ్గా ఆ సమయంలోనే పొట్టి బృందం కొత్త డేటా బయటపెట్టింది. అందులోనూ తప్పులున్నాయని బ్యాగర్లీ నవంబరులో డ్యూక్‌కు రాసి పంపాడు. ఆ నోట్‌ను విశ్వవిద్యాలయం సమీక్షకులకు అందజేయలేదు. అది వాళ్ల మనసులను ఒకవైపు మొగ్గేలా చేస్తుందన్నది చెప్పిన కారణం. విమర్శ చేరితే పక్షపాతమట, విమర్శకు గురైనవాళ్లు ఇచ్చిన డేటా మాత్రం చేరితే నిష్పాక్షికతట! సమీక్షకులు తమకిచ్చిన కాగితాలు చూసి పద్ధతి సరైనదేనన్నారు. 2010 జనవరిలో ట్రయల్స్ మళ్లీ మొదలయ్యాయి. ఆ సమీక్ష నివేదికను డ్యూక్ రహస్యంగా ఉంచింది. సమాచార హక్కు చట్టం కింద అడిగితే గాని బయటికి రాలేదు.

ఆ ఇద్దరు సమీక్షకులను నేను తప్పుపట్టను. ఏ కాగితం ఇస్తే ఆ కాగితం చూసి అభిప్రాయం చెప్పమన్నారు, వాళ్లు చెప్పారు. తప్పు ఆ ఏర్పాటుది. ఎవరి పనిని పరీక్షించాలో వాళ్లు ఏరి ఇచ్చిన కాగితాలతోనే పరీక్ష జరిపితే అది పరీక్ష కాదు. సలహా మండలి అడిగిందల్లా చూసే హక్కు లేకుండా, తనకు అందిన ప్రతి విమర్శనూ చదివే హక్కు లేకుండా, తాను రాసిందాన్ని తానే బయటపెట్టే హక్కు లేకుండా పర్యవేక్షణ అనే మాటకు అర్థం లేదు. పర్యవేక్షణ వద్దనేవాళ్లు డ్యూక్‌ను చూపించి, చూశారా, కమిటీ వేసినా లాభం లేదని అంటారు. నేను అదే ఉదాహరణ నుంచి దానికి పూర్తి విరుద్ధమైన పాఠం తీసుకుంటాను. అక్కడ వేసిన కమిటీకి చేతులు కట్టేశారు. కాబట్టి కట్లు విప్పాలి గాని కమిటీనే ఎత్తేయకూడదు.

చివరికి తప్పు ఎలా బయటపడింది? గణాంకాల వల్ల కాదు. 2010 జులైలో ‘ది క్యాన్సర్ లెటర్’ అనే పత్రిక, పొట్టి తాను రోడ్స్ స్కాలర్‌నని దరఖాస్తుల్లో రాసుకున్నది నిజం కాదని బయటపెట్టింది. రోజుల వ్యవధిలో 33 మంది గణాంక నిపుణులు జాతీయ క్యాన్సర్ సంస్థ డైరెక్టర్‌కు లేఖ రాశారు. ట్రయల్స్ ఆగిపోయాయి, ఆ తర్వాత రద్దయ్యాయి. 2011 జనవరిలో ‘నేచర్ మెడిసిన్’ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. పరిశోధనలో తప్పుడు డేటా చేర్చారని 2015 నవంబరులో అమెరికా ప్రభుత్వ పరిశోధన నైతికత కార్యాలయం తేల్చింది. పొట్టి ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు, కాదనలేదు. ఐదేళ్లపాటు పర్యవేక్షణ కింద మాత్రమే ప్రభుత్వ నిధులతో పరిశోధన చేయడానికి అంగీకరించాడు. ఒక మనిషి తన చదువు గురించి చెప్పుకున్న మాట అబద్ధమని తేలకపోయి ఉంటే ఆ ట్రయల్స్ ఇంకెన్నాళ్లు నడిచేవి? దీన్ని సైన్స్ స్వయంగా దిద్దుకోవడం అంటే నేను ఒప్పుకోను.

ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒక విద్యార్థి సంగతి. ఆ ప్రయోగశాలలోనే పనిచేస్తున్న ఒక వైద్య విద్యార్థి 2008లోనే తన సందేహాలను కాగితం మీద పెట్టాడు. ఏ లెక్కలు ఎందుకు నమ్మదగ్గవి కావో రాసి పెద్దలకు ఇచ్చాడు. వ్యాసాల నుంచి తన పేరు తీసేయించుకున్నాడు. అదనంగా ఒక ఏడాది ఇంకోచోట పరిశోధన చేయాల్సి వచ్చింది. ఆ ఏడాది ఎంత ఖరీదైనదో మన పీహెచ్‌డీ పిల్లలను అడగండి. అతను రాసిన కాగితం బయటి ప్రపంచానికి 2015లో గాని తెలియలేదు. గైడ్‌ను దాటి, విభాగాధిపతిని దాటి ఒక విద్యార్థి నేరుగా వెళ్లి చెప్పుకోగల తలుపు ఆ సంస్థలో ఒక్కటి ఉన్నా, మొదటి ట్రయల్స్ రోజుల్లోనే విషయం తేలిపోయేది. మన విశ్వవిద్యాలయాల్లో ఆ తలుపు ఎక్కడుందో నాకు చూపించండి. గైడ్ సంతకం లేనిదే ఫెలోషిప్ బిల్లు కదలని చోట, గైడ్ లెక్క తప్పని ఏ విద్యార్థి నోరు విప్పుతాడు?

నమ్మకం గురించి ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. పర్యవేక్షణ అంటే పరిశోధకుణ్ణి దొంగను చూసినట్టు చూడటమే అంటారు. దీనికి జవాబు స్క్రిప్స్ సంస్థకు చెందిన జెఫ్రీ చాంగ్ ఉదంతంలో ఉంది. ఆయన మోసగాడు కాదు. ప్రోటీన్ల ఆకృతులను ఎక్స్‌రేలతో కనుక్కునే దిట్ట. తన ప్రయోగశాల సొంతంగా వాడుకునే ప్రోగ్రాంలో రెండు డేటా నిలువు వరుసలు ఒకదాని స్థానంలోకి ఒకటి వెళ్లాయి. దాంతో ఆకృతి ఎడమ కుడి తారుమారై తప్పుగా వచ్చింది. ఇతర దేశాల శాస్త్రవేత్తలు అదే కుటుంబానికి చెందిన ప్రోటీన్ ఆకృతిని వేరేగా కనుక్కుని ప్రచురించాక ఆయనే తప్పు ఒప్పుకుని, 2006 డిసెంబరు నుంచి ఐదు వ్యాసాలను వెనక్కి తీసుకున్నాడు. వాటిలో మూడు ‘సైన్స్’ పత్రికలోవి. ఆ మధ్యకాలంలో ఆ ఆకృతులను నమ్ముకుని పనిచేసిన ఇతర ప్రయోగశాలల ఏళ్లు వృథా అయ్యాయి. తప్పు లెక్క ముందు నిజాయితీపరుడూ ఒకటే, మోసగాడూ ఒకటే. పర్యవేక్షణ మనిషిని అనుమానించదు, లెక్కను పరీక్షిస్తుంది.

ఆ రంగం నేర్చుకున్న తీరు కూడా చెప్పాలి. ప్రోటీన్ ఆకృతులన్నీ భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఏడు ఆకృతులతో మొదలైంది. 2003 నుంచి అమెరికా, యూరప్, జపాన్ కేంద్రాలు కలిసి, బయటి శాస్త్రవేత్తల సలహా సంఘంతో దాన్ని నడుపుతున్నాయి. ఆకృతితోపాటు దాని వెనకున్న ప్రయోగ డేటా కూడా జమచేయాల్సిందేనని 2008 ఫిబ్రవరి నుంచి నిబంధన పెట్టారు. దాంతో ప్రపంచంలో ఎవరైనా లెక్క తిరిగి వేసి చూడవచ్చు. ఆ నిబంధన వల్ల ఆ శాస్త్రం కుంటుపడలేదు. ప్రోటీన్ ఆకృతులను ముందే అంచనా వేసే కృత్రిమ మేధ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ ఆ బ్యాంకులో ఏళ్లతరబడి పేరుకున్న నమ్మదగ్గ డేటా మీదే శిక్షణ పొందింది. ఆ పనికే 2024లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. పర్యవేక్షణ పరిశోధనను నెమ్మదింపజేస్తుందనేవాళ్లు దీనికి ఏం జవాబిస్తారో నాకు తెలియదు. నెమ్మదించింది డ్యూక్‌లో. అక్కడ నాలుగేళ్లు పోయాయి.

ఇదంతా అమెరికా గొడవ అనుకునే పాఠకులు 2021 వేసవిని గుర్తు చేసుకోవాలి. కొవిడ్ వైరస్ జన్యుక్రమాలను చదివేందుకు కేంద్రం 2020 డిసెంబరులో పది జాతీయ ప్రయోగశాలలతో ఇన్సాకాగ్ కూటమిని ఏర్పాటు చేసింది. అందులో రెండు మన హైదరాబాద్‌లోవే, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ. కూటమికి ఒక శాస్త్రీయ సలహా బృందం ఉండేది. దానికి అధ్యక్షుడు వైరాలజిస్టు షాహిద్ జమీల్. కొత్త రకం వైరస్ గురించి మార్చి మొదట్లోనే అధికారులను హెచ్చరించామని ఆ కూటమి శాస్త్రవేత్తలు చెప్పినట్టు రాయిటర్స్ రాసింది. ఏప్రిల్ 30న వందల మంది భారతీయ శాస్త్రవేత్తలు, పరిశోధనకు డేటా ఇప్పించండి మహాప్రభో అని ప్రధానికి విన్నపం పెట్టుకున్నారు. సాక్ష్యాధారాలతో విధానాలు రూపొందించడానికి మొండి ప్రతిఘటన ఎదురవుతోందని జమీల్ ఒక అమెరికన్ పత్రికలో బహిరంగంగా రాశాడు. మే మధ్యలో ఆయన అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు.

ఆ వేసవిలో ఆక్సిజన్ సిలిండర్ కోసం తిరిగిన ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో. ఆ మరణాలన్నీ ఒక సలహా వినకపోవడం వల్లే అని నేను అనను, అది అన్యాయమవుతుంది. అయితే ఒక ప్రశ్న అడిగే హక్కు మనకుంది. ఆ సలహా బృందం మార్చిలో ఏం రాసింది, దానికి ప్రభుత్వం ఏం బదులిచ్చింది అన్నవి అప్పుడే ఆ బృందం పేరుతోనే జనం ముందుకు వచ్చి ఉంటే పెళ్లిళ్లు, సభలు, జాతర్లు అలాగే జరిగేవా? సలహాను పాటించాలా వద్దా అన్నది పాలకుల నిర్ణయమేనని నేనూ ఒప్పుకుంటాను. ఎన్నికైనవాళ్ల బాధ్యత అది. కాని పాటించకపోతే ఎందుకు పాటించడం లేదో రాసి ఇవ్వాలి. ఆ కాగితం పౌరుడికి కనిపించాలి. డ్యూక్‌లో మండలికి కళ్లు లేకుండా చేశారు, ఇక్కడ మండలికి నోరు లేకుండా చేశారు.

ఇప్పుడు మన దేశంలో ఈ రంగం చాలా పెద్దదవుతోంది. ఇరవై సంస్థలు కలిసి పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలను చదివిన జీనోమ్ ఇండియా ఫలితాలు వచ్చాయి. ఆ డేటా ఫరీదాబాద్‌లో 2022 నవంబరులో ప్రారంభమైన ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉంది. డేటా పంచుకోవడానికి 2021లో బయోటెక్ ప్రైడ్ మార్గదర్శకాలు వచ్చాయి. ఇవన్నీ స్వాగతించాల్సినవే. వీటి పక్కనే విశ్వవిద్యాలయ స్థాయిలో ఒప్పందాలు, ఉమ్మడి కేంద్రాలు, ఉమ్మడి కోర్సులు పుట్టుకొస్తున్నాయి. ప్రతి ఒప్పందంలోనూ సలహా మండలి అని ఒక పేరా ఉంటుంది. అలాంటి సమావేశాల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు అవి ఎలా జరుగుతాయో. ముందురోజు రాత్రి స్లైడ్లు మెయిల్లో వస్తాయి. పొద్దున శాలువాలు, ఆ తర్వాత ప్రెజెంటేషన్లు. ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయి, ఎన్ని నిధులు ఖర్చయ్యాయి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్లిందా లేదా అని చూస్తారు. ఒక్క ఫలితాన్నయినా తీసుకుని, ముడి డేటా నుంచి మళ్లీ లెక్క వేసి చూశామని మినిట్స్‌లో ఉన్న సమావేశం నా ఎరుకలో లేదు. మండలిలో గణాంక నిపుణులు కూడా అరుదు. మాజీ వైస్‌చాన్స్‌లర్లు మాత్రం ఉంటారు.

మనుషుల జన్యు సమాచారం గోప్యం కదా, అందరికీ ఎలా చూపిస్తారని అడిగేవాళ్లున్నారు. ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. రోగి పేరు, ఊరు, కులం తెలిసిపోయే డేటాను వీధిలో పెట్టమని ఎవరూ అనడం లేదు. గోప్యత ఒప్పందం మీద సంతకం చేసిన ఇద్దరు గణాంక నిపుణులు, సంస్థ సొంత సర్వర్ మీదే, పేర్లు తీసేసిన డేటాతో లెక్క తిరిగి వేస్తే ఎవరి గోప్యతకూ భంగం లేదు. కోడ్‌కు అసలు గోప్యతే అక్కర్లేదు. డ్యూక్ ఉదంతం తర్వాత అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2012లో ఇచ్చిన నివేదిక ఇలాంటి బాటే వేసింది. పరీక్ష పద్ధతిని ఖరారు చేసి, దాన్నిక మార్చకుండా బిగించి, డేటానూ కోడ్‌నూ ఇతరులు సరిచూసేలా అందుబాటులో ఉంచాకే రోగుల దగ్గరికి వెళ్లమంది. గోప్యత పేరుతో తనిఖీనే తప్పించుకోవడం రోగిని కాపాడటం కాదు.

మన విశ్వవిద్యాలయాల వైస్‌చాన్స్‌లర్లకు, రిజిస్ట్రార్లకు నా విన్నపం ఇది. తర్వాతి ఉమ్మడి ఒప్పందం మీ బల్ల మీదికి వచ్చినప్పుడు అందులో మండలి ఏ డేటా అడిగినా ఇవ్వాలని, మండలి నివేదికను అది అందిన నెలలోనే ప్రచురించాలని, పాటించని సలహాకు కారణం రాసి పెట్టాలని, విద్యార్థి గైడ్‌ను దాటి నేరుగా మండలికి రాసుకోవచ్చని ఉందో లేదో చూడండి. లేకపోతే తిప్పి పంపండి. మండళ్లలో కూర్చునే పెద్దలకు ఇంకో మాట. మీ పేరు చూసే నిధులు వస్తున్నాయి, మీ పేరు చూసే రోగులు నమూనాలు ఇస్తున్నారు. ముడి డేటా చూపించకపోతే మినిట్స్ మీద సంతకం పెట్టకండి.